చివరి అంకెకు పూచీ ఎవరిది? డేటాబేస్ భాగహారంపై ఒక సమీక్ష

కూడిక, తీసివేత, గుణకారం విషయంలో డేటాబేస్‌ల మధ్య పెద్దగా పేచీ లేదు. రెండు దశాంశ సంఖ్యలను కలిపినా, తీసేసినా, గుణించినా జవాబు ఎక్కడో ఒకచోట ముగుస్తుంది. చోటుంటే దాన్ని పూర్తిగా రాసిపెట్టవచ్చు. భాగహారం అలా లొంగదు. 1.0ని 3.0తో భాగించమంటే మైఎస్‌క్యూఎల్ దశాంశ బిందువు తర్వాత 5 అంకెలిస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 6 ఇస్తుంది, పోస్ట్‌గ్రెస్ 20, డీబీ2 29. ఇవన్నీ తమ దశాంశ రకాన్ని ‘కచ్చితమైన సంఖ్యా రకం’ అనే పిలుచుకుంటాయి. అందరూ కచ్చితమే అయితే జవాబులు నాలుగు రకాలుగా ఎందుకున్నాయన్నది పాత ప్రశ్నే. బ్యాంకు లెక్కలు, పన్నులు, కరెన్సీ మార్పిడి అన్నీ డేటాబేస్‌ల మీదే నడుస్తున్న రోజుల్లో దాని బరువు మాత్రం పెరిగింది.

ఈ చర్చ చిక్కుపడడానికి కారణం, రెండు వేర్వేరు ప్రశ్నలు అందులో ఒకటిగా కలిసిపోవడం. మొదటిది: జవాబుగా ఎన్ని అంకెలివ్వాలి? రెండోది: ఇచ్చిన అంకెల్లో చివరిది సరైనదేనా? మొదటిది విధానానికి సంబంధించినది, రెండోది శుద్ధమైన అంకగణితం. ఒకదానికి చెప్పాల్సిన జవాబును రెండోదానికి చెప్పడంవల్లే వాదనలు ఏళ్ల తరబడి ఒకచోటే తిరుగుతున్నాయి. ఈ సమీక్ష రెండింటినీ విడదీసి చూస్తుంది.

## చిక్కు పుట్టిన చోటు

ఒక భిన్నాన్ని కనిష్ఠ రూపంలో రాసినప్పుడు హారంలో 2, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకం లేకపోతేనే అది అంతమయ్యే దశాంశం అవుతుంది. ఇది హైస్కూలు పాఠమే. 1/8 అంటే 0.125, అక్కడితో సరి. 1/3, 1/7 ఎన్నటికీ ముగియవు. భాజకం వినియోగదారుడి డేటాలోంచి వస్తుంది కనుక జవాబు ముగుస్తుందో లేదో డేటాబేస్‌కు ముందుగా తెలియదు. సంఖ్యలకు ఎంత చోటైనా ఇచ్చే ‘అపరిమిత ప్రెసిషన్’ రకాలు కూడా ఇక్కడ ఆగిపోవాల్సిందే. పోస్ట్‌గ్రెస్‌లోని న్యూమరిక్ రకం బిందువుకు ముందు 1,31,072 అంకెలు, తర్వాత 16,383 అంకెలు పట్టగలదు. అయినా మూడోవంతును పూర్తిగా రాసుకోవడానికి ఆ చోటూ చాలదు. ఎక్కడో కోయాలి. ఎక్కడ కోయాలన్నదే తగువు.

ముందుకు వెళ్లేముందు రెండు పదాలు స్పష్టం చేసుకోవాలి. సంఖ్యలోని మొత్తం అంకెల లెక్క ప్రెసిషన్. బిందువు తర్వాతి అంకెల లెక్క స్కేల్. 1234.56కు ప్రెసిషన్ 6, స్కేల్ 2.

## చరిత్ర: గమ్యం పోయి, సూత్రం మిగిలింది

వ్యాపార లెక్కలకోసం పుట్టిన కోబాల్‌లో ఈ బెడద తక్కువ. భాగఫలం ఏ గడిలోకి వెళ్లాలో ప్రోగ్రామరే చెప్పాలి. ఆ గడికి ప్రకటించిన ఆకృతే స్కేల్‌ను నిర్ణయిస్తుంది. రౌండ్ చేయాలంటే ఆ మాట విడిగా రాయాలి, రాయకపోతే మిగిలిన అంకెలు కోసేస్తుంది. శేషం కావాలంటే దానికి మరో గడి చూపించవచ్చు. జవాబు ఎక్కడికి పోతుందో తెలుసు కనుక ఎన్ని అంకెలన్న ప్రశ్నకు జవాబు వాక్యంలోనే ఉండేది.

1960లలో ఐబీఎం తెచ్చిన పీఎల్/1 భాష భాగహారాన్ని పెద్ద సూత్రాల మధ్యలో వాడుకునేలా చేసింది. నడిమధ్య వచ్చే భాగఫలానికి గమ్యం లేదు. అందుకని గరిష్ఠంగా దొరికే అంకెలన్నీ వాడేసుకుని, పూర్ణాంక భాగానికి పోగా మిగిలిందంతా స్కేల్‌కు ఇచ్చే నియమం పెట్టారు. దాని ఫలితం ఆ భాష నేర్చుకున్నవారందరికీ గుర్తుండే ఉదాహరణ: 25 + 1/3. అంకెల పరిమితి 15 అయితే 1/3కు బిందువు తర్వాత 14 స్థానాలు పోతాయి. దానికి 25 కలిపితే బిందువుకు ముందు రెండు స్థానాలు కావాలి. చోటేమో ఒకటే. పొంగును పట్టుకునే ఏర్పాటు ఆపేసి ఉంటే ఎడమవైపు 2 ఎగిరిపోయి 5.33333333333333 మిగులుతుంది. కుడివైపు అంకెలకోసం ఎడమవైపు అంకెను బలిపెట్టడమంటే ఇదే.

ఎస్‌క్యూఎల్‌కూ ఇదే వారసత్వం దక్కింది. 1992 ప్రమాణం కూడికకు, గుణకారానికి ఫలిత స్కేల్ ఎంతో నిర్దిష్టంగా చెప్పింది. కూడికలో రెండింట్లో పెద్ద స్కేల్, గుణకారంలో రెండు స్కేళ్ల మొత్తం. భాగహారం దగ్గరికొచ్చేసరికి ప్రెసిషన్, స్కేల్ రెండూ అమలుచేసేవారి ఇష్టమని వదిలేసింది. ఆ ఖాళీలోనే ఇవాళ్టి వాదాలన్నీ పెరిగాయి.

## మొదటి ప్రశ్న: ఎన్ని అంకెలు?

### రకాన్నిబట్టి లెక్కకట్టే వాదం

ఈ వాదానికి ఎస్‌క్యూఎల్ సర్వర్, డీబీ2, మైఎస్‌క్యూఎల్ ప్రతినిధులు. ప్రశ్న చదవగానే, డేటా ముట్టుకోకముందే, ఫలితం రకం తేలిపోవాలని వీటి పట్టు. అందులో న్యాయముంది. నిలువ వరుసకు చోటు ముందే కేటాయించవచ్చు. ప్రతి వరుసలోనూ స్కేల్ ఒకటే ఉంటుంది. నివేదికలు పొందికగా వస్తాయి.

సూత్రాలు మాత్రం ఎవరివి వారివి. మైఎస్‌క్యూఎల్ భాజ్యం స్కేల్‌కు 4 కలుపుతుంది. ఆ 4ను ఒక సెట్టింగ్‌తో మార్చుకోవచ్చు. స్నోఫ్లేక్ 6 కలుపుతుంది, కానీ అలా కలపడంవల్ల 12 దాటనివ్వదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ భాజ్యం స్కేల్, భాజకం ప్రెసిషన్ కలిపి దానికి ఒకటి చేరుస్తుంది. కనీసం 6 ఉండేలా చూస్తుంది. డీబీ2 అయితే పీఎల్/1 అచ్చులోనే పోతుంది: 31లోంచి భాజ్యం ప్రెసిషన్ తీసేసి, భాజ్యం స్కేల్ కలిపి, భాజకం స్కేల్ తీసేస్తుంది.

ఈ వాదం బలహీనత పెద్ద రకాల దగ్గర బయటపడుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మొత్తం 10 అంకెలు, స్కేల్ 2 ఉన్న రెండు నిలువ వరుసలను భాగిస్తే 13 దశాంశ స్థానాలొస్తాయి. ‘ఎందుకైనా మంచిది’ అని ఎవరైనా వాటిని 38 అంకెలు, స్కేల్ 10గా ప్రకటించారనుకోండి. సూత్రం ప్రకారం 87 అంకెలు కావాలి. గరిష్ఠ పరిమితి 38. పూర్ణాంక భాగాన్ని కాపాడేందుకు స్కేల్‌ను 6కు కుదించేస్తుంది. జాగ్రత్తపడినవాడికే తక్కువ అంకెలు దక్కుతాయి. డీబీ2లో 15 అంకెలు, స్కేల్ 2 ఉన్న సంఖ్యలకు 16 స్థానాలొస్తే, 31 అంకెలు, స్కేల్ 2 ఉన్నవాటికి సున్నా స్థానాలొస్తాయి. అప్పుడు మూడోవంతు విలువ 0. కనీసం 3 స్థానాలకు హామీ ఇచ్చే విడి సెట్టింగ్‌ను డీబీ2 పెట్టాల్సి వచ్చిందంటే ఈ ఇబ్బంది పుస్తకాలకే పరిమితమైనది కాదని అర్థమవుతుంది.

### విలువను చూసి నిర్ణయించే వాదం

పోస్ట్‌గ్రెస్ దారి వేరు. అది డేటాను చూశాకే స్కేల్ ఎంచుకుంటుంది. కనీసం 16 సార్థక అంకెలు రావాలన్నది లక్ష్యం. మామూలు డబుల్ ఫ్లోటింగ్ సంఖ్య ఇచ్చేదానికన్నా న్యూమరిక్ జవాబు తీసికట్టుగా ఉండకూడదన్నది దాని వెనుక ఉద్దేశం. దాంతోపాటు, రెండు ఇన్‌పుట్‌లలో ఏ ఒక్కదాని స్కేల్‌కన్నా ఫలితం స్కేల్ తగ్గకూడదు.

అది సంఖ్యలను నాలుగేసి అంకెల గుంపులుగా, అంటే 10,000 ఆధారంగా దాచుకుంటుంది. భాగఫలం ఎంత పెద్దదో అంచనా వేయడానికి మొదటి గుంపులను మాత్రమే పోల్చి చూస్తుంది. అందుకే 10ని 3.0తో భాగిస్తే బిందువు తర్వాత 16 అంకెలు, 1ని 3.0తో భాగిస్తే 20 అంకెలు వస్తాయి. 1ని 1.0తో భాగించినా 1 తర్వాత ఇరవై సున్నాలు కనిపిస్తాయి. సార్థక అంకెల హామీ నిలబడుతుంది. కానీ ఒకే నిలువ వరుసలో ఒక్కో జవాబు ఒక్కో పొడవుతో ఉంటుంది.

పెద్ద సంఖ్యల దగ్గర మరో విశేషం కనిపిస్తుంది. 12345678901234567890ను 123తో భాగిస్తే నిజమైన భాగఫలం 100371373180768844.634... పూర్ణాంక భాగంలోనే 18 అంకెలున్నాయి కనుక 16 అంకెల హామీ అక్కడే తీరిపోయింది. స్కేల్ 0. ఫలితం రౌండ్ అయి చివర 845తో వస్తుంది. ఆ ఫలితంలోంచి పూర్ణాంక భాగాన్ని తీసుకుంటే అసలు జవాబు 844 బదులు 845 చేతికొస్తుంది. దాన్ని 123తో గుణించి శేషం కట్టబోతే ఋణసంఖ్య ఎదురవుతుంది. అందుకే పోస్ట్‌గ్రెస్‌లో పూర్ణాంక భాగఫలానికి విడి ఫంక్షన్ ఉంది. అది 844నే ఇస్తుంది, శేషం 78 వస్తుంది.

ఒరాకిల్ కూడా ఈ కోవలోదే, తీరు కొంచెం వేరు. దాని నంబర్ రకం 100 ఆధారంగా నడిచే దశాంశ ఫ్లోటింగ్ రకం. భాగఫలానికి స్కేల్ కాక సార్థక అంకెల పరిమితే వర్తిస్తుంది. 38 అంకెలకు హామీ.

### అడిగినవాడే చెప్పాలనే వాదం

మూడో వాదానికి ఆద్యుడిగా ఐబీఎంలో పనిచేసిన మైక్ కౌలిషాను చెప్పుకోవాలి. ఆయన 1979లో మొదలుపెట్టిన రెక్స్ భాషలో లెక్కకు ఎన్ని అంకెలు వాడాలో ప్రోగ్రామరే ప్రకటించవచ్చు. చెప్పకపోతే 9. ఈ ఆలోచన తర్వాత దశాంశ అంకగణిత నిర్దేశంగా ఎదిగి, 2008 ఐఈఈఈ 754 ప్రమాణంలోని దశాంశ ఫ్లోటింగ్ రకాలకు, పైథాన్ డెసిమల్ మాడ్యూల్‌కు దారి చూపింది. పైథాన్‌లో మామూలుగా 28 సార్థక అంకెలు, ప్రమాణంలోని పెద్ద రకంలో 34. డీబీ2 కూడా ఈ రకాన్ని పాత దశాంశ రకం పక్కనే చేర్చుకుంది.

జావా బిగ్‌డెసిమల్ అందరికన్నా నిక్కచ్చి. స్కేలూ రౌండింగూ చెప్పకుండా 1ని 3తో భాగించమంటే జవాబివ్వదు, తప్పును లేవనెత్తుతుంది. కొత్తగా వచ్చినవారికి ఇది మొండితనంలా కనిపిస్తుంది. నిజానికి చెప్పని నిర్ణయాన్ని ఊహించుకోనని చెప్పే నిజాయితీ అది. అయితే నడుస్తున్న డేటాబేస్ ప్రశ్న మధ్యలో, లక్షో వరుస దగ్గర, ఇలాంటి తప్పు లేస్తే నివేదిక మొత్తం ఆగిపోతుందన్న అభ్యంతరమూ తేలికైనది కాదు.

### భిన్నాన్ని భిన్నంగానే ఉంచే వాదం, అసలు భాగించని వాదం

లవహారాలను రెండు పూర్ణాంకాలుగా దాచుకుంటే ఏ అంకే పోదు. లిస్ప్ భాషలు ఈ పని ఎప్పటినుంచో చేస్తున్నాయి. పోస్ట్‌గ్రెస్‌కు జీఎంపీ లైబ్రరీని జోడించే ఎక్స్‌టెన్షన్‌లోనూ భిన్న రకం ఉంది. దీనికి చెల్లించాల్సిన ధర హారం పెరుగుదల. 1, 1/2, 1/3 అంటూ 1/20 వరకు కలిపితే వచ్చేది 55835135/15519504. ఇరవై పదాలకే హారం ఎనిమిది అంకెలైంది. లక్షల వరుసల మీద ఈ పెరుగుదలను భరించడం కష్టం. పైగా చివరికి మనిషికి చూపించేటప్పుడు దశాంశంగా మార్చక తప్పదు కనుక ప్రశ్న వాయిదా పడుతుంది తప్ప తీరదు.

మరో కొసన ఎస్‌క్యూలైట్ ఉంది. దాని దశాంశ ఎక్స్‌టెన్షన్‌లో కూడిక, తీసివేత, గుణకారం ఉన్నాయి, భాగహారం లేదు. డబ్బును పైసల్లో పూర్ణాంకాలుగా దాచి, భాగహారం మొత్తం అప్లికేషన్‌లో చేసుకునే పద్ధతి కూడా ఇదే ఆలోచనకు దగ్గరిది. డేటాబేస్‌కు చిక్కు తప్పుతుంది. కానీ అదే డేటాను వాడే ప్రతి అప్లికేషనూ తన సొంత నియమం పెట్టుకునే ప్రమాదం మొదలవుతుంది.

### ఒక్క చూపులో

| వాదం | ఎవరు | 1.0 ÷ 3.0కు స్థానాలు | బలం | లోపం |
|---|---|---|---|---|
| రకాన్నిబట్టి | మైఎస్‌క్యూఎల్ | 5 | తేలికైన నియమం | చిన్న భాగఫలాల్లో అంకెలు మాయం |
| రకాన్నిబట్టి | ఎస్‌క్యూఎల్ సర్వర్ | 6 | ఫలిత రకం ముందే తెలుస్తుంది | రకం పెద్దదైతే స్కేల్ కుదింపు |
| రకాన్నిబట్టి | డీబీ2 | 29 | దొరికిన చోటంతా వాడకం | పెద్ద రకాలకు స్కేల్ సున్నా |
| స్థిర స్కేల్ | బిగ్‌క్వెరీ న్యూమరిక్ | 9 | ఎక్కడైనా ఒకటే | మార్చాలంటే రకమే మార్చాలి |
| విలువను చూసి | పోస్ట్‌గ్రెస్ | 20 | సార్థక అంకెల హామీ | వరుసకో పొడవు |
| అడిగినవాడి మాట | జావా బిగ్‌డెసిమల్ | చెప్పినన్ని | దాచిన నిర్ణయం లేదు | చెప్పకపోతే తప్పు |

ఈ పట్టికలో ఒక విచిత్రం గమనించాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఎక్కువ అంకెలు కావాలంటే ఇన్‌పుట్ స్కేల్ పెంచితే చాలు, ఫలితం స్కేల్ పెరుగుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇన్‌పుట్ రకాన్ని ఒక హద్దు దాటి పెంచితే ఫలితం అంకెలు తగ్గుతాయి. ఒకచోట నేర్చుకున్న జాగ్రత్త మరోచోట ముప్పవుతుంది. ఒక డేటాబేస్ నుంచి ఇంకోదానికి మారేటప్పుడు లెక్కలు తేడా రావడానికి ఇదొక ముఖ్య కారణం. ఇంకా ముందే వచ్చే గొయ్యి ఒకటుంది. బిందువు లేకుండా 1/3 అని రాస్తే పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ పూర్ణాంక భాగహారం చేసి 0 ఇస్తాయి. ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్ దశాంశం ఇస్తాయి.

## రెండో ప్రశ్న: చివరి అంకె సరైనదేనా?

స్కేల్ ఎంతో తేలిపోయిందనుకుందాం. ఆ తర్వాత మిగిలే ప్రశ్నకు గణితం దగ్గర తిరుగులేని జవాబుంది. భాజ్యాన్ని కావలసినన్ని పదుల ఘాతాలతో పెంచి, పూర్ణాంక భాగహారం చేసి, శేషాన్ని చూడాలి. శేషానికి రెట్టింపు భాజకంకన్నా ఎక్కువైతే చివరి అంకె ఒకటి పెరుగుతుంది, తక్కువైతే ఉన్నదే ఉంటుంది, సమానమైతే రౌండింగ్ నియమం తేలుస్తుంది. 2ను 3తో రెండు స్థానాలకు భాగించాలంటే 200ను 3తో భాగిస్తాం. భాగఫలం 66, శేషం 2. రెండింతలు 4, భాజకం 3కన్నా ఎక్కువ. కనుక 0.67. సందేహానికి తావే లేదు. శేషం చేతిలో ఉన్నంతకాలం చివరి అంకెను ఎప్పుడూ నిర్ణయించవచ్చు.

కష్టమంతా ఆ శేషాన్ని వేగంగా, తప్పులేకుండా రాబట్టడంలోనే. ఇక్కడ మూడు పద్ధతులు చెప్పుకోదగ్గవి.

బడి పద్ధతి. డొనాల్డ్ నూత్ 1969లో తన ఉద్గ్రంథం రెండో సంపుటంలో అల్గారిథమ్ డి పేరుతో స్థిరపరిచినది ఇదే. మనం కాగితం మీద చేసే పొడవు భాగహారమే, కాకపోతే ఒక్కో ‘అంకె’ 10,000 ఆధారంలోనో 2 ఘాతం 32 ఆధారంలోనో ఉంటుంది. భాగఫలంలోని ప్రతి అంకెను ముందున్న ఒకటి రెండు అంకెలు చూసి ఊహిస్తారు. భాజకం మొదటి అంకె ఆధారంలో సగానికి తక్కువ కాకుండా ముందే పెంచుకుంటే, ఆ ఊహ తక్కువ పడదు, రెండుకన్నా ఎక్కువ పెరగదు. భాజకం రెండో అంకెతో కూడా పరీక్షిస్తే ఒకటికన్నా ఎక్కువ తేడా రాదు. ఆ మిగిలిన ఒక్కటినీ చివరి మెట్టులో సవరిస్తారు. ఆ సవరణ అవసరమయ్యే అవకాశం రెండును ఆధారంతో భాగించినంత మాత్రమే. 10,000 ఆధారమైతే అయిదు వేలల్లో ఒకటి. ఆధారం 2 ఘాతం 32 అయితే యాదృచ్ఛిక పరీక్షల్లో అది కనబడడమే అరుదు. అందుకే దాన్ని పరీక్షించడానికి ప్రత్యేకంగా తయారుచేసిన సంఖ్యలు కావాలని నూత్ హెచ్చరించాడు.

అంచనా పద్ధతి. డేవిడ్ స్మిత్ తన ఎఫ్‌ఎం గణిత లైబ్రరీకోసం వాడిన దారి ఇది. భాగఫలం అంకెను ఫ్లోటింగ్ గణితంతో అంచనా వేస్తారు. అరువులను వెంటనే సరిదిద్దకుండా పోగుచేసి, తర్వాత ఒకేసారి సర్దుతారు. చాలా వేగం. యాన్ వీక్ 1998లో రాసిన పోస్ట్‌గ్రెస్ న్యూమరిక్ కోడును టామ్ లేన్ 2003లో విస్తారంగా తిరగరాసినప్పుడు స్మిత్ ఆలోచనలు అందులోకి వచ్చాయి. అయితే కొన్ని అదనపు అంకెల దగ్గర లెక్క ఆపేసే రూపంలో ఈ పద్ధతి అన్ని సందర్భాల్లోనూ సరైన చివరి అంకెకు హామీ ఇవ్వదు. అందువల్ల చాలాకాలం పోస్ట్‌గ్రెస్ రెండు ఫంక్షన్లు ఉంచుకుంది. మామూలు భాగహారానికి నూత్ పద్ధతి, సంవర్గమానాలవంటి లోపలి లెక్కలకు స్మిత్ పద్ధతి. 2025లో వచ్చిన 18వ విడుదలకోసం డీన్ రషీద్ ఈ రెండింటినీ ఒకటి చేశారు. వేగవంతమైన దారిలోనే పూర్తి పొడవుకు లెక్కకట్టి, చివర శేషాన్ని పరిశీలించి, అవసరమైతే భాగఫలాన్ని సరిచేసే ఏర్పాటది. వేగమా కచ్చితత్వమా అన్న పాత పంచాయితీలో శేషమే మధ్యవర్తి అయింది.

పెద్ద సంఖ్యల పద్ధతులు. న్యూటన్ పద్ధతి భాజకం విలోమాన్ని కనుక్కుని గుణకారంతో పని ముగిస్తుంది. ఒక్కో మెట్టులో సరైన అంకెల సంఖ్య రెట్టింపవుతుంది. 16 అంకెలతో మొదలైతే ఆరు మెట్లలో 1024. బర్నికెల్, జీగ్లర్ 1998లో ప్రతిపాదించిన పద్ధతి సంఖ్యను సగాలుగా చీల్చుకుంటూ పోతుంది. జావా పెద్ద పూర్ణాంకాలకు దీన్నే వాడుతుంది. ఇవి వందలు, వేల అంకెల దగ్గర లాభసాటి. ఇన్‌వాయిస్‌లలో, ఖాతాల్లో కనిపించే 20, 30 అంకెల సంఖ్యలకు బడి పద్ధతే చాలు. న్యూటన్ పద్ధతిలో చివరి అంకె దానంతటది సరైనది కాదు. అక్కడా గుణించి, శేషం చూసి సరిదిద్దుకోవాల్సిందే.

మూడు పద్ధతుల సారాంశం ఒకటే. మొదట వేగంగా ఊహించు, చివర శేషంతో రుజువు చేసుకో.

## రౌండింగ్: గణితం ఆగి చట్టం మొదలయ్యే చోటు

సరిగ్గా సగం దగ్గర ఏం చేయాలన్నది గణితం చెప్పదు. పోస్ట్‌గ్రెస్ న్యూమరిక్, మైఎస్‌క్యూఎల్ దశాంశ రకాలు సున్నాకు దూరంగా రౌండ్ చేస్తాయి: 2.5 అంటే 3. ఐఈఈఈ మామూలు నియమం, పైథాన్ డెసిమల్ నియమం సరిసంఖ్య వైపు: 2.5 అంటే 2, 3.5 అంటే 4. మొదటిదాన్ని జనం సులువుగా అర్థం చేసుకుంటారు. రెండోది లక్షల లెక్కల మీద ఒకేవైపు మొగ్గును తగ్గిస్తుంది. ఇందులో గెలుపోటములు సందర్భాన్నిబట్టే.

చాలాచోట్ల చట్టమే ఈ వాదన ముగించేసింది. మన కేంద్ర జీఎస్టీ చట్టం 170వ సెక్షన్ ప్రకారం పన్నును దగ్గరి రూపాయికి సవరించాలి. 50 పైసలు, ఆపైన ఉంటే రూపాయిగా తీసుకోవాలి. ఇక్కడ సరిసంఖ్య నియమం వాడితే అది చట్ట ఉల్లంఘనే.

భాగహారం గురించే నేరుగా మాట్లాడిన చట్టానికి గొప్ప ఉదాహరణ యూరో మార్పిడి. 1997 నాటి యూరోపియన్ యూనియన్ కౌన్సిల్ నియమం (1103/97) మార్పిడి రేట్లను ఆరు సార్థక అంకెల్లో నిర్ణయించమంది. ఆ రేట్ల విలోమాలను లెక్కించి వాడడాన్ని నిషేధించింది. కారణం లెక్కలోనే ఉంది. ఒక యూరోకు 1936.27 ఇటాలియన్ లీరాలు. వంద కోట్ల లీరాలను ఆ రేటుతో భాగిస్తే 516456.90 యూరోలు. అలా కాక విలోమాన్ని ఆరు సార్థక అంకెలకు, 0.000516457గా తీసుకుని గుణిస్తే 516457.00. పది సెంట్లు ఎక్కడినుంచో పుట్టుకొచ్చాయి. ఒక జాతీయ కరెన్సీ నుంచి ఇంకోదానికి యూరో మీదుగా మారితే మధ్య మొత్తాన్ని మూడు దశాంశ స్థానాలకు తక్కువ కాకుండా ఉంచాలని కూడా ఆ నియమం చెప్పింది. కంప్యూటర్ శాస్త్రజ్ఞులు ‘స్కేల్ ఎంత?’ అని తర్కించుకుంటున్న కాలంలోనే చట్టం ఆ అంకెను రాసిపెట్టేసింది.

## వరుస లెక్కల్లో వచ్చే నష్టం

ఒక్క భాగహారం సరిగ్గా జరిగినంతమాత్రాన మొత్తం లెక్క సరిపోదు. పోస్ట్‌గ్రెస్‌లో 100ను 3.0తో భాగించి 3తో గుణిస్తే 99.9999999999999999 వస్తుంది. ముందు గుణించి తర్వాత భాగిస్తే సరిగ్గా 100. రెండుచోట్లా ప్రతి మెట్టూ నియమం ప్రకారమే జరిగింది. తేడా క్రమంలో ఉంది.

రెండుసార్లు రౌండ్ చేయడం మరో చిక్కు. 49/109 విలువ 0.44954... దాన్ని ఒకే స్థానానికి నేరుగా రౌండ్ చేస్తే 0.4. ముందు రెండు స్థానాలకు చేస్తే 0.45, సున్నాకు దూరంగా చేసే నియమంతో మళ్లీ ఒక స్థానానికి చేస్తే 0.5. డేటాబేస్ తన స్కేల్‌కు ఒకసారి, నివేదిక తన అవసరానికి ఇంకోసారి రౌండ్ చేసినప్పుడు జరిగేది ఇదే. స్కేళ్ల మధ్య దూరం ఎంత తగ్గితే ముప్పు అంత పెరుగుతుంది.

పంపకాల లెక్క వీటన్నిటికన్నా భిన్నం. 100 రూపాయలను ముగ్గురికి పంచితే తలా 33.33, మొత్తం 99.99. ఇరవై స్థానాలిచ్చినా ఇది తీరదు, ఎందుకంటే పైసాను చీల్చలేం. 10,000 పైసల్లో తలా 3333 పోగా శేషం 1. ఆ పైసా ఎవరికివ్వాలో చెప్పేది వ్యాపార నియమం. కోబాల్ శేషానికి గడి చూపించింది. ఎస్‌క్యూఎల్‌లో భాగహార గుర్తు శేషాన్ని పారేస్తుంది, కావాలంటే మళ్లీ విడిగా అడగాలి.

## ఇంకా తేలనివి

మొదటిది, స్కేల్‌ను భాగహార గుర్తుతోపాటే చెప్పే సర్వసమ్మత వాక్యరూపం ఎస్‌క్యూఎల్‌లో లేదు. ఇన్‌పుట్ రకాలను మార్చి పరోక్షంగా సాధించడమే అందరూ చేస్తున్నది. అది డేటాబేస్‌కో తీరుగా పనిచేస్తుంది.

రెండోది, మధ్య ఫలితాలకు అదనపు అంకెలు ఉంచాలా వద్దా? ఉంచితే వరుస లెక్కల్లో వచ్చే నష్టం తగ్గుతుంది. కానీ తెరమీద కనిపించే విలువకు, లోపల నడిచే విలువకు తేడా వస్తుంది. ఆడిటర్లకు ఆ తేడా నచ్చదు.

మూడోది, ఎక్కువ అంకెలంటే ఎక్కువ కచ్చితత్వమనే భ్రమ. రెండు స్థానాల వరకే కొలిచిన డేటాను భాగించి ఇరవై స్థానాలు చూపిస్తే వాటిలో చాలావాటికి అర్థం లేదు. అంకెలు సరైనవే కావచ్చు, సమాచారం మాత్రం కాదు. గణాంకవేత్తల ఈ అభ్యంతరానికి డేటాబేస్ తయారీదారుల దగ్గర సమాధానం లేదు. చట్టబద్ధమైన డబ్బు లెక్కకు, ప్రయోగశాల కొలతకు ఒకే రకం వాడుతున్నంతకాలం ఉండదు కూడా.

నాలుగోది, పరీక్ష. సవరణ మెట్లు అరుదుగా అమలవుతాయి కనుక తప్పులు ఏళ్ల తరబడి దాగి ఉండగలవు. భాగఫలాన్ని భాజకంతో గుణించి శేషం కలిపితే భాజ్యం రావాలి. శేషం సున్నాకు తక్కువ కాకూడదు, భాజకానికి చేరకూడదు. ఇంత తేలికైన సరిచూపు ఉన్నా దాన్ని ఇబ్బందికర సంఖ్యల మీద ప్రయోగించే అలవాటు అన్నిచోట్లా లేదు.

## తీర్పు

చివరి అంకె సరైనదేనా అన్న రెండో ప్రశ్న దాదాపు తీరిపోయింది. శేషంతో సరిచూసే ఏ పద్ధతైనా నమ్మదగ్గదే. ఇప్పుడు జరుగుతున్న పని వేగం గురించి. తన స్కేల్‌లో చివరి అంకెను తప్పుగా ఇచ్చే డేటాబేస్‌కు ఇవాళ సాకు లేదు.

మొదటి ప్రశ్న మాత్రం గణితంతో తీరదు. ఎన్ని అంకెలన్నది ఒప్పందం. రకాన్నిబట్టి లెక్కకట్టే వాదం పొందికనిస్తుంది, పెద్ద రకాల దగ్గర మోసం చేస్తుంది. విలువను చూసే వాదం సార్థక అంకెలను కాపాడుతుంది, పొడవును ఊహకందనివ్వదు. అడిగినవాడే చెప్పాలనే వాదం అన్నింటిలోకి నిజాయితీ గలది. దానికి ఉన్న పెద్ద లోపం వాడేవారి బద్ధకం. ఎస్‌క్యూఎల్ ప్రమాణం ఈ మూడో దారికి వాక్యరూపం ఇచ్చేదాకా, ఆ ఒప్పందాన్ని రాసుకోవాల్సినది ప్రశ్న రాసేవారే.

కనుక లెక్కలు రాసేవారికి చెప్పవలసింది ఇంతే. ముందు గుణించండి, చివర భాగించండి. భాగించి కలపడంకన్నా కలిపి భాగించండి. స్కేల్‌ను, రౌండింగ్ నియమాన్ని ప్రశ్నలోనే రాయండి. రౌండింగ్ ఒక్కసారే చేయండి. పంపకమైతే శేషం ఎవరికో ముందే నిర్ణయించండి. మీ డేటాబేస్ మూడోవంతుకు ఎన్ని అంకెలిస్తుందో ఇవాళే ఒకసారి అడిగి చూడండి.